మడపొల్లం

భీమవరం ఆస్పత్రి నుంచి పాపాయమ్మను నరసాపురం తీసుకొచ్చి ముందుగదిలో కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టారు. పక్షవాతం ఆమె కుడిచేతినీ కుడికాలినీ పట్టేసింది. మాట పూర్తిగా పోయింది. కోడలు సారిక చెంచాతో బార్లీ నీళ్ళు పట్టబోతే, ఆమె చెంచా వైపు ఓసారి చూసి, ఏ తడబాటూ లేకుండా "మడపొల్లం" అంది.

"ఏంటత్తయ్యా? ఏం కావాలి?"

"మడపొల్లం."

ఆ పూట ఇంట్లో పండగే అయింది. మాట తిరిగొచ్చిందంటే మనిషి తిరిగొచ్చినట్టేనని చర్చి వాళ్ళు వచ్చి స్తుతి ప్రార్థన చేసి వెళ్ళారు. పాపాయమ్మ కొడుకు సాల్మన్ రేవులో పంటు నడిపే సరంగు. మోటారు సైకిళ్ళనూ ఆటోలనూ మనుషుల్నీ ఎక్కించుకుని గోదావరి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటించడం అతని పని. నది మధ్యలోంచే అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, అమ్మ మాట్లాడింది! ఏమంటోందో తెలీట్లేదుగానీ మాట్లాడుతోంది. నువ్వొకసారి రా."

ఆశాజ్యోతి రామచంద్రపురంలో డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు పాఠం చెబుతుంది. సెలవు పెట్టి, అమలాపురం, రాజోలు మీదుగా బస్సులు మారి సఖినేటిపల్లి చేరి, తమ్ముడి పంటు మీదే నది దాటి వచ్చింది. తల్లి ఆమెను గుర్తు పట్టింది. ఎడమచెయ్యి చాచి చెంప నిమిరింది. కళ్ళు తుడుచుకుంది. "మడపొల్లం" అంది.

రెండు మూడు రోజులకే వాళ్ళకు సంగతి అర్థమైంది. ఆమెకు తిరిగొచ్చింది ఆ ఒక్క మాటే. ఆకలేసినా అదే, దాహమేసినా అదే. కోపమొస్తే గట్టిగా అదే, దుప్పటి కప్పితే మెత్తగా అదే. ఆశాజ్యోతి భీమవరం ఫోన్ చేస్తే డాక్టరు గారు తొణక్కుండా చెప్పారు.

"కొంతమందికి అలా ఒక్క మాట మిగిలిపోతుందండి. మిగతావన్నీ పోయి అదొక్కటే నోట్లో తిరుగుతుంటుంది. దానికి అర్థమేమీ ఉండదు. అర్థం వెతుకుతూ కూర్చోకండి, మీకే మనశ్శాంతి ఉండదు."

అర్థం వెతక్కుండా ఉండడం ఆశాజ్యోతికి చేతకాని పని. పైగా ఆ మాట పిచ్చిమాటలా వినబడటం లేదు. తల్లి దాన్ని ఎప్పుడూ ఒకేలా పలుకుతోంది. రెండు 'ల'ల మీద నాలుకను కొంచెం ఆపి, ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళు తెలుగూరి పేరు పలికినట్టు పలుకుతోంది. పాపాయమ్మ బడి గుమ్మం ఎక్కని మనిషి. లేసు అల్లి పిల్లలిద్దరినీ చదివించింది. బైబిలు కూడా ఎవరైనా చదివి పెడితే వినేదే.

ఒక మధ్యాహ్నం ఆశాజ్యోతి కింద చాప మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. సారిక వరండాలో లేసు ముక్కలు కట్టలు కడుతోంది. ఊరంతా నిద్రపోతున్నట్టుగా ఉంది. పాపాయమ్మ కిటికీ వైపు, అంటే గోదావరి వైపు, మొహం తిప్పుకుని పడుకుంది.

"మడపొల్లం?" అంది ఎవరినో అడుగుతున్నట్టు.

ఆశాజ్యోతి తలెత్తింది. కిటికీ అవతల ఎవరూ లేరు. కొబ్బరిచెట్టు నీడ మాత్రం గోడ మీద పడుతోంది.

పాపాయమ్మ కాసేపు ఊరుకుంది. తర్వాత చిన్నగా నవ్వి, "మడపొల్లం, మడపొల్లం" అంది, అవునవును అన్నట్టు. మళ్ళీ ఆగింది. ఈసారి ఎక్కువసేపు ఆగింది. మధ్యలో తల ఊపింది. అవతలివాళ్ళు చెప్పింది విని బాధపడినట్టు నాలుక చప్పరించింది. పక్కగదిలో ఎవరో ఫోన్లో మాట్లాడుతుంటే ఒకవైపు మాటలే వినబడినట్టుగా ఉంది. ఎదుటివాళ్ళ మాటకు ఎంత సమయం కావాలో అంతా ఇస్తోంది.

ఆశాజ్యోతి లేచి వరండాలోకి వచ్చింది. చేతిలో ఎర్ర పెన్ను అలాగే ఉంది.

"ఇప్పుడే వినబడిందా వదినా?" అంది సారిక తలెత్తకుండా. "రోజూ ఈ వేళకే. మీకు చెబితే భయపడతారని చెప్పలేదు. ఈ వేళప్పుడు నేను లోపలికెళ్ళను."

"నిద్ర మత్తులో అంటోందేమో."

"ఆ ఎడంచెయ్యి చూశారా? మొదట లేసు అల్లుతున్నారనుకున్నాను. లేసైతే వేళ్ళు కదులుతాయి. అది కాదు. ఇటు నుంచి అటు విసురుతున్నారు, మళ్ళీ అందుకుంటున్నారు. మా చెల్లి పెళ్ళికి చీర కొనడానికి ఉప్పాడ వెళ్ళినప్పుడు చూశాను నేను. మగ్గం మీద నాడె విసిరే చెయ్యి వదినా అది."

"మా అమ్మ మగ్గం ఎప్పుడెక్కింది?"

"అదే నేనూ అనేది."

ఆశాజ్యోతి అరుగు మీదే కూర్చుని ఫోను తీసింది. ఆ మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఒక రకంగా రాసి చూసింది, మరో రకంగా రాసి చూసింది. ఏమీ రాదనే ఆమె నమ్మకం. కానీ నిఘంటువు తెరుచుకుంది. మడపొల్లం, నామవాచకం. మెత్తని, తెల్లని నూలుగుడ్డ. ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు ఇండియా నుంచి తీసుకెళ్ళి అమ్మిన బట్టల్లో ఒకటి. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో కింద ఒక్క ముక్కలో ఉంది. నరసాపురం పక్కనున్న ఊరి పేరు నుంచి వచ్చింది.

ఆమె ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివింది. లోపల్నుంచి తల్లి గొంతు, వయసులో ఉన్న పిల్ల గొంతులా, "మడపొల్లం" అని ఎవరికో బదులు చెబుతోంది.

సాయంత్రం సాల్మన్ డ్యూటీ దిగి వచ్చాక అన్నం దగ్గర చెప్పింది.

"నరసాపురం పక్కన మడపొల్లమేంటక్కా? మాధవాయిపాలెమా?" అని నవ్వాడతను. "రోజూ నేను పంటు కట్టేదే ఆ రేవులో." అంటూనే నవ్వు ఆపేశాడు. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"అదే. మాధవాయిపాలెం అనడం దొరలకి నోరు తిరక్క మడపొల్లం చేసుకున్నారు. ఆ పేరే గుడ్డకి పెట్టారు. గుడ్డ దేశదేశాలు తిరిగింది, పేరు ఇంగ్లీషు మాటైపోయింది. ఇంగ్లీషు చెప్పి బతికే నాకే తెలీదురా ఆ మాట."

"పెద్దోళ్ళు చెబుతుంటారు. పాత ఊరు చాలామటుకు గోదాట్లో కలిసిపోయిందంట. ఒడ్డు విరిగీ విరిగీ వీధులకి వీధులు పోయాయంట. ఇప్పుడు మేం పంటు నడిపే చోట కూడా ఒకప్పుడు నేతగాళ్ళ ఇళ్ళుండేవని మా పాత సరంగు అనేవాడు." సాల్మన్ గొంతు తగ్గించాడు. "కానీ అమ్మ ఎప్పుడూ మాధవాయిపాలెం రేవనే అనేదక్కా. నాకు క్యారేజీ తెచ్చినప్పుడల్లా అలాగే అనేది. దొరల మాట అమ్మకెవరు చెప్పారు?"

దానికి జవాబు దొరుకుతుందేమోనని ఆశాజ్యోతి మర్నాడు వీరవేణిని పిలిపించింది. వీరవేణి పాపాయమ్మ ఈడుది, చిన్ననాటి స్నేహితురాలు. వాళ్ళది రైతు కుటుంబం. మతాలు వేరైనా ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని లేసు అల్లుతూ ముసలివాళ్ళైపోయారు. సారిక ఇచ్చిన టీ గ్లాసు పట్టుకుని ఆవిడ ఆలోచించింది.

"మడపొల్లమా? ఆఁ, ఆఁ, విన్నానమ్మా! మిషను వాళ్ళు లేసు పని నేర్పే బంగళాలో ముసలి దొరసాని గారుండేవారు కదా. మాకు జేబురుమాళ్ళ అంచులు నేర్పేటప్పుడు మధ్యలో వేసే తెల్లగుడ్డని అలాగే అనేవారు. 'మడపొల్లం తీసుకురా అమ్మాయీ' అనేవారు."

ఆశాజ్యోతి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. "అమ్మయ్య! అయితే అక్కడే విని ఉంటుంది అమ్మ. చిన్నప్పటి మాట లోపలెక్కడో ఉండిపోయి ఇప్పుడు బయటికొచ్చింది."

"మీ అమ్మెక్కడ విందమ్మా? మీ అమ్మ ఆ బంగళా గుమ్మం తొక్కలేదు. మీ తాతకి ఇష్టం లేదు, పంపలేదు. మీ అమ్మకి లేసు నేర్పింది నేను, మా అరుగు మీద."

"మరి మీరెప్పుడైనా ఆ మాటన్నారేమో?"

"నువ్వడిగితే గుర్తొచ్చిందిగానీ, ఇన్నేళ్ళలో నా నోట ఒక్కసారీ రాలేదు."

వీరవేణి లేచి స్నేహితురాలిని పలకరించడానికి గదిలోకి వెళ్ళింది. గడప మీదే ఆగిపోయింది. పాపాయమ్మ కిటికీ వైపు తిరిగి ఉంది. ఈసారి ఏమీ అనడం లేదు. మెడ కొంచెం పక్కకు వంచి, కళ్ళు సగం మూసుకుని ఉంది. వీరవేణి కాసేపు అలాగే చూసి, టీ పూర్తిగా తాగకుండానే గ్లాసు అరుగు మీద పెట్టేసింది.

"వింటోందమ్మా ఆవిడ. మతి పోయినోళ్ళు మాట్లాడతారుగానీ అలా వినరు" అని చెప్పులేసుకుంది.

జులై వచ్చింది. గోదావరికి ఎర్రనీరు వచ్చింది. ఆశాజ్యోతి సెలవు పొడిగించుకుంది. ఒక ఉదయం సారిక మొహం కడుగుతుంటే పాపాయమ్మ "మెడొపొల్లం" అంది.

నాలుక మడత పడిందనుకున్నారు. కానీ ఆ రోజంతా అలాగే అంది. మర్నాడూ అలాగే. ఆశాజ్యోతి ఫోన్లో పాత పుస్తకాల పేజీలు వెతుక్కుంటూ పోయింది. మూడు వందల యాభై ఏళ్ళ కిందట ఈ తీరానికొచ్చిన ఒక ఇంగ్లీషువాడు ఈ ఊరి పేరు రాసుకున్నాడు. ఇంగ్లీషువాళ్ళ నోట ఆ పేరు ఇంకా కుదురుకోని కాలమది. అతను రాసిన అక్షరాలు కూడబలుక్కుంటూ చదివితే దాదాపు అదే వచ్చింది. మెడొపొల్లన్.

ఫోను బోర్లించి పెట్టేసింది.

ఇంకొన్ని రోజులకు 'పొల్లం' పోయింది. "మాదపాలెం" అంది పాపాయమ్మ. ఇంగ్లీషు యాస ఆమె గొంతులోంచి జారిపోయింది. పలుకులో తెలుగు వచ్చింది. అది కూడా ఇప్పటి తెలుగులా లేదు. ఏదో రాగం తీస్తున్నట్టు ఉంది. ఆ తర్వాత వారం తిరక్కుండానే "మాదవాయపాలెం" అంది.

సాల్మన్ ఆనందానికి అంతు లేదు. "చూశావా అక్కా? నయమవుతోంది! రేవు పేరు సరిగ్గా అంటోంది. రేపో మాపో మిగతా మాటలూ వస్తాయి."

"నయం కావట్లేదురా." అంది ఆశాజ్యోతి. "అమ్మ వెనక్కి నడుస్తోంది. ఆ మాట పుట్టిన దారెంటే వెనక్కి పోతోంది. ముందు గుడ్డ పేరు, తర్వాత దొరల నోట్లో ఊరి పేరు, ఇప్పుడు అసలు ఊరి పేరు. దీనికి ముందేముంటుంది?"

"ఏముంటుంది?"

"మనిషుంటాడు. మాధవయ్యో మాధవాయుడో ఎవడో వచ్చి ఇళ్ళు కట్టుకుంటే అది మాధవయ్య పాలెం అయ్యుంటుంది. అమ్మ ఆ మనిషి దగ్గరికెళుతుంది. ఆ మనిషికి ముందు ఇంకేం మాట లేదు సాల్మన్. మాట అయిపోయాక అమ్మేమవుతుంది?"

చదువుకున్న అక్క ఇలా మాట్లాడటం సాల్మన్ ఎప్పుడూ వినలేదు.

ఆ మర్నాటి నుంచి ఆశాజ్యోతి తల్లి మంచం వదల్లేదు. తల్లి మొహం రెండు చేతులతో తన వైపు తిప్పుకుని, పసిపిల్లలకు నేర్పినట్టు, "మడపొల్లం అనమ్మా. మ-డ-పొల్లం. మొదట్లో అనేదానివి కదా" అని బతిమాలింది. పాపాయమ్మ ఆమె వైపు జాలిగా చూసేది. ఏదో తెలియక అడుగుతోంది పిల్ల, అన్నట్టు చూసి, ఎడమచేత్తో ఆమె జుట్టు సవరించి, "మాదవాయపాలెం" అనేది. ఆ పైన కిటికీ వైపు తిరిగేది. ఆశాజ్యోతి కిటికీ తలుపులు మూసేసింది. పాపాయమ్మ మూసిన తలుపుల వైపే చూస్తూ ఆ మాటే అంది. ఈసారి అది కబుర్లాడినట్టు లేదు, కేకలా ఉంది. బార్లీ నీళ్ళు మింగడం మానేసింది. జావ పెడితే పెదాలు బిగించింది. అన్నాళ్ళూ తేటగా ఉన్న మొహం రెండు రోజుల్లోనే పీక్కుపోయింది.

"పంటు మీద తీసుకెళదాం" అన్నాడు సాల్మన్. "గోదారి చూడాలనుందేమో. ఒకసారి చూపించి తీసుకొద్దాం."

"చంపేస్తావా అమ్మని?" అని అరిచింది ఆశాజ్యోతి.

అంతవరకూ గుమ్మంలో నిలబడి వింటున్న సారిక మెల్లగా అంది.

"వదినా, నేను చదువుకోలేదు, మీ అంత తెలీదు. అత్తయ్య పిలుస్తున్నారు. అదొక్కటే నాకు తెలుస్తోంది. ఎవరైనా అంతలా పిలిస్తే ఎవరో ఒకళ్ళు పలకాలి కదా. మనం పలకట్లేదు. తలుపులేసుకుని కూర్చున్నాం. ఆవిడ అన్నం మానేశారు. ఇలాగైతే మాత్రం మిగులుతారా?"

ఆశాజ్యోతి మంచం కోడు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి కిటికీ తలుపులు తీసింది.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక పాపాయమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, తువ్వాళ్ళతో నడుము కట్టి, ఆటోలో రేవుకు తీసుకెళ్ళి పంటు ఎక్కించారు. మబ్బు పట్టి ఉంది. గాలి బొత్తిగా లేదు. ఎర్రనీరు ఒడ్డు నుంచి ఒడ్డుకు నిండుగా, చప్పుడు లేకుండా పోతోంది. పంటు మీద ఎక్కువమంది లేరు. చేపల తట్టలతో ఒక నడివయసు ఆడమనిషి, కాలేజీ పిల్లలు కొందరు, మోటారు సైకిలు మీద రొయ్యల మేత బస్తా వేసుకుని సఖినేటిపల్లి వెళుతున్న పల్లంరాజు అనే రైతు. పల్లంరాజు సాల్మన్‌కు బాగా తెలిసినవాడు. "అమ్మగారికి ఎలా ఉందండీ?" అని అడిగి, చినుకు పడుతుందేమోనని కుర్చీ మీద తన గొడుగు తెరిచి పట్టుకున్నాడు.

ఒడ్డు వదిలాక పాపాయమ్మ ముందుకు వంగి నీళ్ళలోకి చూడటం మొదలుపెట్టింది. వీధిలో నడిచే మనిషి ఇళ్ళు చూసుకుంటూ పోయినట్టు, కుడివైపు కాసేపు, ఎడమవైపు కాసేపు చూస్తోంది. ఒకచోట తల ఊపింది. ఒకచోట పలకరింపుగా నవ్వింది. ఆశాజ్యోతి ఆమె ఎడమచేతి మణికట్టు పట్టుకుని నాడి వేళ్ళ కింద ఉంచుకుంది.

నది సగం దాటాక పాపాయమ్మ చెయ్యి విదిలించి పైకెత్తింది.

"ఆపమంటున్నారండి" అంది సారిక.

సాల్మన్ ఇంజను ఆపేశాడు. నది మధ్యలో ఇంజను ఆపడం అతని ఉద్యోగంలో అదే మొదలు. ఆ మోత ఆగిపోగానే అందరి చెవులూ గుయ్యిమన్నాయి. చెవులు సర్దుకున్నాక కింద నుంచి చప్పుడు వినబడింది. టక టక. టక టక. ఇనప రేకు మీద ఎవరో కొడుతున్నట్టు లేదు. దూరంగా, లోతుగా, ఒకటి కాదు, చాలా చోట్ల నుంచి, ఒకదాని వెనక ఒకటి అందుకుంటున్నట్టు వస్తోంది.

"ఏంటండది, సరంగు గారూ? దుంగలేమైనా తగులుతున్నాయా?" అన్నాడు పల్లంరాజు.

సాల్మన్ రేకు మీదకు వంగి చెవి పెట్టాడు. లేచి నిలబడ్డాడు.

చేపలమనిషి కొంగు తల మీదకు లాక్కుంది. కాలేజీ పిల్లలు ఫోన్లు చేతిలో పెట్టుకుని ఒకళ్ళకొకళ్ళు దగ్గరగా జరిగారు. పంటు ప్రవాహానికి కొట్టుకుపోవాలి. పోలేదు. ఉన్నచోటే ఉంది.

"మాదవాయపాలెం" అంది పాపాయమ్మ తృప్తిగా, బస్సు దిగాల్సిన చోటు వచ్చినట్టు. ఆ తర్వాత ఊపిరి పీల్చుకుంది. వీధి ఇవతలి గుమ్మంలో నిలబడి అవతలి గుమ్మంలోని మనిషిని పిలిచినట్టు, మామూలుగా, గట్టిగా పిలిచింది.

"మాదవయ్యా! ఓ మాదవయ్యా!"

"ఆఁ! వత్తన్నా!"

మగగొంతు. ముసలిదీ కాదు, పడుచుదీ కాదు. పని మధ్యలోంచి లేస్తూ పలికినట్టు ఉంది. పంటు మీద అందరూ విన్నారు. పక్కవాళ్ళెవరో అన్నారని ఎవరికివారు పక్కకు చూశారు.

"ఎవరండీ పలికింది?" అన్నాడు పల్లంరాజు.

పంటు ఎడమవైపుకు కాస్త ఒరిగింది. లారీ ఎక్కినా అంతంత మాత్రంగా కదిలే పంటు అది. ఒక మనిషి కాలు పెట్టినట్టు ఒరిగి, మళ్ళీ సర్దుకుంది. కింద చప్పుడు ఆగిపోయింది. అన్నీ ఒక్కసారే ఆగాయి.

ఆశాజ్యోతి కళ్ళు గట్టిగా మూసుకుంది. మళ్ళీ తల్లి చెయ్యి అందుకుని, తన బలమంతా పెట్టి నాడి పట్టుకుంది. అది ఇప్పుడు ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది అని ఎదురుచూస్తూ, ప్రభువా ప్రభువా అనుకుంటూ ఉంది.

"ఆశా, చెయ్యొదలవే. నొప్పెడతంది."

కళ్ళు తెరిచింది. తల్లి ఆమెనే చూస్తోంది. నోరు కొంచెం పక్కకు లాగుతోంది, మాట మెల్లగా వస్తోంది, కానీ అది పాపాయమ్మ గొంతే. పిల్లలు పరీక్ష ఫీజు అడిగితే విసుక్కుంటూనే కొంగు ముడి విప్పే పాత గొంతు.

"అమ్మా?"

"ఏంటే అలా చూత్తావు? నన్ను గోదాట్లోకెందుకు తెచ్చారు? సాల్మనేడి?"

సాల్మన్ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూలబడి తల ఒళ్ళో పెట్టాడు. సారిక ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. చేపలమనిషి "దేవుడున్నాడమ్మా" అని దణ్ణం పెట్టింది. ఇంజను మొదటి దెబ్బకే అందుకుంది. సఖినేటిపల్లిలో అందరినీ దించి, వచ్చిన దారినే తిరిగొచ్చారు. దారంతా పాపాయమ్మ మాట్లాడుతూనే ఉంది. ఎక్కువ మాటలు కాదు. ఉక్కపోస్తోందంది. టీ కావాలంది. సారిక చిక్కిపోయిందంది.

డాక్టరు గారు సంతోషించి, అప్పుడప్పుడూ ఇలా జరుగుతుందన్నారు. చర్చిలో సాల్మన్ చేత సాక్ష్యం చెప్పించారు. అతను తల్లికి మాట వచ్చిందని చెప్పాడు. పంటు మీద విన్నదాని గురించి చెప్పలేదు.

పాపాయమ్మకు ఆ రోజుల సంగతేమీ గుర్తు లేదు. మడపొల్లం అంటే ఏమిటని ఆశాజ్యోతి అడిగితే "అదేం మాటే? మందా?" అంది. నయమైన మనిషిని తవ్వి తవ్వి అడగడం ఇష్టం లేక ఆశాజ్యోతి వదిలేసింది. రామచంద్రపురం బయల్దేరే రోజు ఉదయం తల దువ్వుతుంటే మాత్రం పాపాయమ్మ తనంతట తనే చెప్పింది.

"జొరంలో ఏదో కలొచ్చిందే ఆశా. చాలా పని చేశాను. ఎవరో ఒకాయన నేత్తుంటే నేను పోగులందించాను. ఆ వీధి వీధంతా నేత్తానే ఉన్నారు. పొద్దుగూకదు, పని తెమలదు. ఎవళ్ళూ ఆపరు. అలిసిపోయారే వాళ్ళంతా. నన్నెవరో పైకి పిలుత్తున్నారని చెప్పాను. మమ్మల్నీ ఎవరన్నా పిలిత్తే బాగుండునన్నాడాయన. మా పేరు సరిగ్గా పిలిచేవోళ్ళు లేరమ్మా అన్నాడు."

ఆశాజ్యోతి చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"నువ్వేమన్నావమ్మా?"

"నేను పిలుత్తాలే అన్నాను." పాపాయమ్మ కిటికీలోంచి బయటికి చూసి, వాకిట్లో చెప్పులు తొడుక్కుంటున్న కొడుకును కేకేసింది. "సాల్మనూ! ఆ రోజు గోదాట్లో ఎక్కాడే, ఆయన అవతల దిగాడా?"

సాల్మన్ చెప్పు తొడుక్కోవడం ఆపి, ఒక్క క్షణం తల్లిని చూశాడు.

"దిగాడమ్మా" అన్నాడు.

"సరే" అంది పాపాయమ్మ. దువ్వమన్నట్టు తల కూతురి వైపు వంచింది.

పంటు ఎక్కి, నది మధ్యకు వచ్చాక, ఇంజను మోతలో ఇంకెవరికీ వినబడదని నిశ్చయించుకుని ఆశాజ్యోతి అడిగింది.

"అమ్మ మనసు కోసం అన్నావు కదూ?"

సాల్మన్ అవతలి ఒడ్డు వైపే చూస్తూ పంటు నడుపుతున్నాడు.

"ఆ రోజు సఖినేటిపల్లిలో అందరూ దిగిపోయాక, ఒడ్డు మీదకి దించే తలుపు రేకు మీద తడి అడుగులు చూశానక్కా. చెప్పుల్లేని కాళ్ళు. ఆ రోజు ఎక్కినోళ్ళందరికీ చెప్పులున్నాయి, పల్లంరాజు గారు బూట్లేసుకున్నారు. అవి రేకు దిగి, గట్టెక్కి, రోడ్డు మీద పడి పోయాయి."

"ఎవరో నీళ్ళలో కాళ్ళు కడుక్కుని ఉంటారు."

"నేనూ అలాగే అనుకున్నాను. అమ్మని ఇంట్లో దింపి మళ్ళీ ట్రిప్పేసుకుని వెళ్ళాను. అప్పటికి మబ్బు విడిచి ఎండ మండిపోతోంది. రోడ్డంతా పొడిగా ఉంది. ఆ అడుగులు మాత్రం ఆరలేదు."

పంటు ఒడ్డుకు ఆనింది. సాల్మన్ తలుపు దించాడు. మోటారు సైకిళ్ళు, వాటి వెనక మనుషులు దిగిపోయారు. ఆశాజ్యోతి తమ్ముడి భుజం తట్టి, సంచి అందుకుని, అందరికంటే చివర దిగింది. రాజోలు బస్సు స్టాండులో హారను కొడుతోంది. గట్టు వారగా, గడ్డి మీద కాలు వేసుకుంటూ ఎక్కింది. బస్సులో కూర్చునేదాకా ఆమె కిందికి చూడలేదు.